లిఫ్ట్ గదిలో 286

రిపీటర్ అంటే తెలియనివాళ్ళకి ముందుగా రెండు ముక్కలు చెప్పాలి. హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు, చేత్తో పట్టుకునే సెట్టు మామూలుగా అయిదు వాట్లకు మించి శక్తి ఇవ్వదు. బిల్డింగులూ, రాళ్ళ గుట్టలూ నిండిన హైదరాబాద్ లాంటి ఊళ్ళో దాని మాట నాలుగైదు కిలోమీటర్లు పోతే గొప్ప. అందుకని ఎత్తైన చోట ఒక రిసీవర్, ఒక ట్రాన్స్‌మిటర్ పెడతారు. కింద ఎవరు మాట్లాడినా రిసీవర్ వింటుంది. విన్నది విన్నట్టు ట్రాన్స్‌మిటర్ 600 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగి, ఎక్కువ శక్తితో ఊరంతా వినిపిస్తుంది. మెహదీపట్నంలో ఉన్నవాడూ ఈసీఐఎల్ దగ్గర ఉన్నవాడూ పక్కపక్కన కూర్చున్నట్టు మాట్లాడుకోగలిగేది అందువల్లే.

ఆ పెట్టెలకి ఒక బుర్ర కూడా కావాలి. ఎవరో మాట్లాడుతున్నారని గుర్తుపట్టి ట్రాన్స్‌మిటర్‌ని లేపాలి. మాట ఆగాక రెండు మూడు సెకన్లు చూసి పడుకోబెట్టాలి, ఆ సెకన్లనే తోక అంటాం. ఎవరి మైకు బటనైనా సీటు కింద ఇరుక్కుపోతే కొన్ని నిమిషాలకి కట్ చేయాలి, అది టైమౌట్. పది నిమిషాలకోసారి రిపీటర్ కాల్‌సైన్‌ని, అంటే దాని గుర్తింపు పేరుని, చుక్కలూ గీతల మోర్స్‌లో పలకాలి. 1990ల మధ్యలో సికింద్రాబాద్‌లో మా మిత్రబృందం ఈ పనికి ఒక పాత 286 కంప్యూటర్‌ని కూర్చోబెట్టింది. ఇప్పుడు హ్యామ్‌లుగా ఉన్న పిల్లలకి ఆ కథ తెలియదు. తెలిసిన మాలో కొందరు లేరు. అందుకే రాస్తున్నాను.

హైదరాబాద్‌కి హ్యామ్ రేడియో కొత్తేమీ కాదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో పుట్టింది ఇక్కడే. రాజీవ్ గాంధీ కూడా హ్యామే, వీయూ2ఆర్‌జీ ఆయన కాల్‌సైన్ అని మాలో ప్రతివాడూ కొత్తవాళ్ళకి గర్వంగా చెప్పేవాడు. మా బృందం చిన్నది. రైల్వేలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, లెక్కల లెక్చరర్ ఒకాయన, ఒక స్కూల్ టీచర్ గారు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడు, చిన్న కంపెనీలో ఉద్యోగం చేసుకుంటున్న నేను, ఇంకా కొద్దిమంది. సెట్లు ఎవరి దగ్గరా సమృద్ధిగా లేవు. ఐకామ్ ఐసీ-2ఏటీ అని, పైన తిప్పుడు చక్రాలతో ఫ్రీక్వెన్సీ పెట్టుకునే హ్యాండీ ఉండేది. అది చేతిలో ఉన్నవాడిని మేము కొంచెం అసూయగానే చూసేవాళ్ళం. దాని ముందు భాగంలో ఫోన్‌కి ఉన్నట్టు అంకెల మీటలుంటాయి. ఒక్కో అంకెకి రెండేసి స్వరాలు కలిపి పంపుతుంది. డీటీఎంఎఫ్ అంటారు. ఆ మీటలే తర్వాత మాకు తాళంచెవులయ్యాయి.

రిపీటర్‌లో కష్టమైన భాగం కంప్యూటర్ కాదు, డూప్లెక్సర్. పక్కపక్క ఫ్రీక్వెన్సీల్లో ఒకే యాంటెన్నా మీద ఒకటి అరుస్తుంటే ఇంకొకటి గుసగుసలు వినాలి. అందుకు కేవిటీలు కావాలి, అంటే మూతలున్న లోహపు గొట్టాలు, లోపల సర్దుబాటు చేసుకునే కడ్డీ. 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అర మీటరుకి కాస్త పైన. బాలానగర్‌లో లేత్ షాపుల చుట్టూ తిరిగి ఇత్తడి గొట్టాలు కోయించాం. లోపలి కడ్డీలకి వెండి పూత పాతబస్తీలో వేయించాం. ఇవి ఏ పూజా సామాన్లని ఆ పూత వేసే ముసలాయన అడిగితే, పెద్దాయన రేడియో తరంగం లోహం పైపొరలోనే ఎలా పరిగెడుతుందో ఓపిగ్గా చెప్పారు. ఆయన పూర్తిగా విని, పూత ఇంకొంచెం దళసరిగా వేసి, ఆ అదనానికి డబ్బు తీసుకోలేదు.

మొదట్లో బుర్ర పని 555 అనే టైమర్ చిప్పులు రెండూ ఒక రిలే చేసేవి. పని జరిగేది. కానీ తోక నిడివి మార్చాలంటే లిఫ్ట్ గదికి వెళ్ళి స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్ తిప్పాలి. రిపీటర్ ఆపాలంటే కూడా అంతే, మెట్లెక్కాలి. ఆ లిఫ్ట్ గది మాలో ఒకరుండే అపార్ట్‌మెంట్ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఉండేది. అసోసియేషన్ వాళ్ళు ఒక మూల వాడుకోమన్నారు.

అప్పుడే మా కంపెనీలో 486లు వచ్చి, 286లని తుక్కు కింద తీసేశారు. ఒకటి నేను కొన్నాను. ఒక మెగాబైట్ మెమరీ, అయిదుంబావు అంగుళాల ఫ్లాపీ డ్రైవ్. హార్డ్‌డిస్క్ చెడిపోయింది. దాన్ని పీకేసి ఫ్లాపీతోనే నడపాలని నిర్ణయించాం. డాస్, జీడబ్ల్యూ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష, మా ప్రోగ్రాం, మూడూ ఒకే ఫ్లాపీలో సుఖంగా పట్టేవి.

ఇక తీగలు. ప్రింటర్ తగిలించే ప్యారలల్ పోర్టు ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి దేవుడిచ్చిన వరం. 378 హెక్స్ అనే అడ్రసులో ఒక సంఖ్య రాస్తే ఎనిమిది పిన్నుల మీద వోల్టేజీ వచ్చేస్తుంది. పక్క అడ్రసు 379 చదివితే బయటి తీగల స్థితి తెలుస్తుంది. అయితే బయటికి ఎనిమిది పిన్నులున్నా, ఆ అడ్రసులో లోపలికి వచ్చేవి అయిదే. డీటీఎంఎఫ్ స్వరాలని అంకెలుగా మార్చే ఎంటీ8870 చిప్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది. అది అంకెని నాలుగు తీగల మీద ఇస్తుంది. ఇప్పుడు చదువుకో అని చెప్పడానికి అయిదో తీగ. అక్కడితో పోర్టు నిండిపోయింది. అసలు ముఖ్యమైనది, రిసీవర్‌లో ఎవరైనా మాట్లాడుతున్నారా లేదా అని చెప్పే స్క్వెల్చ్ తీగ, బయటే మిగిలిపోయింది.

పెద్దవాళ్ళం ఇంకో ప్యారలల్ కార్డు కొనాలా అని లెక్కలు వేస్తుంటే, ఇంజనీరింగ్ కుర్రాడు వెనక నుంచి, "అన్నా, జాయ్‌స్టిక్ పోర్టు ఖాళీగానే ఉంది కదా" అన్నాడు. ఆ కాలపు మల్టీ ఐఓ కార్డు మీద ఆటలకోసం ఒక పోర్టు ఊరికే వచ్చేది. జాయ్‌స్టిక్ బటన్ నొక్కితే ఒక పిన్ను గ్రౌండవుతుంది, అంతే. కాంతితో సిగ్నల్ దాటించే ఆప్టోకప్లర్ చిప్ ఒకటి పెట్టి, స్క్వెల్చ్ తెరుచుకున్నప్పుడల్లా ఆ పిన్నుని గ్రౌండ్ చేశాం. ఆ క్షణం నుంచి హైదరాబాద్‌లో ఏ హ్యామ్ మైకు నొక్కినా మా కంప్యూటర్ దృష్టిలో అతను ఫైర్ బటన్ నొక్కినట్టే. ఆ కుర్రాడికి అప్పుడు ఇరవై ఏళ్ళు కూడా లేవు. పెద్దాయన లేచి వెళ్ళి వాడి భుజం తట్టారు. ఆయన ఒకరిని అలా తట్టడం మేము తరచుగా చూసింది కాదు.

ఆ పోర్టులో ఇంకో సుగుణం ఉంది. కర్రని అటూ ఇటూ వంచితే లోపలి పొటెన్షియోమీటర్ మారుతుంది, కంప్యూటర్ ఆ రెసిస్టెన్స్‌ని కొలుస్తుంది. పొటెన్షియోమీటర్ బదులు, వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే థర్మిస్టర్ పెట్టి, దాన్ని ట్రాన్స్‌మిటర్ హీట్‌సింక్‌కి అతికించాం. ఒక గిన్నెలో ఐసు నీళ్ళు, ఒక గిన్నెలో వేడి నీళ్ళు, లెక్చరర్ గారి కాలేజీ నుంచి తెచ్చిన థర్మామీటరు, ఈ మూడింటితో వంటింట్లో కూర్చుని కొలిచాం. లెక్చరర్ గారు గ్రాఫు కాగితం మీద వంపు గీసి సమీకరణం రాసిచ్చారు. తర్వాత ఎవరైనా మూడంకెలు నొక్కితే రిపీటర్ తన ఒంటి వేడి ఎంతో మోర్స్‌లో చెప్పేది. మే నెల మధ్యాహ్నం ఆ అంకెలు వింటే గుండె ఝల్లుమనేది. హీట్‌సింక్ మరీ కాగిపోతే ప్రోగ్రామే ట్రాన్స్‌మిటర్ శక్తిని సగానికి తగ్గించేది.

మోర్స్ పలికించడం నా వంతుకొచ్చింది. జీడబ్ల్యూ బేసిక్‌లో శబ్దం చేయడానికి ఒక ఆజ్ఞ ఉంది. ఎంత ఫ్రీక్వెన్సీలో, ఎంతసేపు అని రెండు సంఖ్యలు ఇవ్వాలి. ఆ ఎంతసేపు అనేది కంప్యూటర్ గడియారపు టిక్కుల్లో ఉంటుంది, సెకనుకి 18.2 టిక్కులు. అంటే ఒక టిక్కు సుమారు 55 మిల్లీసెకన్లు. చుక్కకి ఒక టిక్కు ఇస్తే నిమిషానికి 22 పదాల వేగం, కొత్తవాళ్ళకి అందదు. రెండు టిక్కులిస్తే 11 పదాలు. మధ్యలో ఇంకేమీ కుదరదు. మేము రెండు టిక్కులే పెట్టాం. అప్పట్లో మొదటి తరగతి లైసెన్సుకి నిమిషానికి 12 పదాలు రావాలి. పరీక్షకి కూర్చునే కుర్రాళ్ళు రిపీటర్ కాల్‌సైన్ వింటూ తమ వేగం సరిచూసుకునేవారు. కంప్యూటర్ స్పీకర్ తీగని కోసి, ఒక కెపాసిటర్, ఒక ప్రీసెట్ మీదుగా ట్రాన్స్‌మిటర్ మైకులోకి కలిపాం. ఆ గరగర ధ్వని ఇప్పటికీ నా చెవిలో ఉంది. స్వచ్ఛమైన సైన్ తరంగం కాదు, అంచులు పదునుగా ఉండే చదరపు తరంగం. బలహీనమైన సిగ్నల్‌లో కూడా విడిగా తెలిసేది.

కంప్యూటర్‌ని రేడియో పక్కన పెట్టడం ఎంత చిక్కో అప్పుడు అర్థమైంది. మా 286 గడియారం 16 మెగాహెర్ట్జ్. పదహారు తొమ్ముల 144. సరిగ్గా మా బ్యాండ్ మొదలు. అది ఒక్కటే కాదు, కంప్యూటర్ వేసిన ప్రతిసారీ బ్యాండ్ అంతటా సన్నగా హోరు లేచేది. దూరంగా ఉన్నవాళ్ళ సిగ్నల్ ఆ హోరులో మునిగిపోయేది. మానిటర్ ఆపితే సగం పోయింది. తక్కినదానికి రేకు పెట్టె చేయించి కంప్యూటర్‌ని మొత్తం అందులో దించాం. బయటికొచ్చే ప్రతి తీగనీ ఫెరైట్ రింగుల్లోంచి చుట్టి తెచ్చాం. రిసీవర్‌ని గదిలో ఆ మూలకి జరిపాం. పెద్దాయన ఒక్కో తీగ పట్టుకుని, మీటర్ చూస్తూ, ఇది కాదు, ఇది కాదు, ఇదీ అంటూ చాలా ఓపికతో వేటాడారు. రైల్వే సిగ్నల్ కేబుళ్ళలో దోషాలు వెతికిన చెయ్యి అది.

పీటీటీ, అంటే ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ చేసే తీగ, విషయంలో కూడా ఆయనదే పట్టుదల. కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు ప్రింటర్ పిన్నులు ఇష్టమొచ్చినట్టు ఎగిరి పడతాయి. ప్రోగ్రాం స్తంభించిపోతే పిన్ను ఉన్న స్థితిలోనే ఉండిపోతుంది. రెండు సందర్భాల్లోనూ ట్రాన్స్‌మిటర్ అనవసరంగా మోగకూడదు. ఆయన ఏం చేశారంటే, పిన్ను పైకి లేస్తే ట్రాన్స్‌మిటర్ ఆన్ అనే పద్ధతే తీసేశారు. ప్రోగ్రాం ఆ పిన్నుని పైకీ కిందకీ ఆడిస్తూనే ఉండాలి. ఆ ఆట ఒక కెపాసిటర్ గుండా పోయి, రెండు డయోడ్లు దాటి, ఒక ట్రాన్సిస్టర్ బేస్‌ని నింపుతుంది. ఆట ఆగితే అర సెకనులో బేస్ ఖాళీ అయిపోయి ట్రాన్స్‌మిటర్ ఆగిపోతుంది. పిన్ను పైన ఆగినా కింద ఆగినా ఒకటే. "సిగ్నల్ తీగ తెగితే ఎర్ర దీపమే పడాలయ్యా, పచ్చ దీపం కాదు" అనేవారు. నేను తర్వాత చేసిన ఉద్యోగాల్లో ఎన్నో చోట్ల ఈ మాట వాడుకున్నాను, ఆయన పేరు చెప్పే వాడుకున్నాను.

కరెంటు కోతల ముచ్చట చెప్పకపోతే ఆ రోజులు చెప్పినట్టే కాదు. రేడియోలకి బ్యాటరీ ఉంది. కంప్యూటర్‌కి ఉన్న చిన్న యూపీఎస్ కాసేపే ఆగేది. కానీ పాత ఏటీ క్యాబినెట్‌లో ఉన్నది నిజమైన స్విచ్చు, టక్కున నొక్కుకుని అలాగే ఉండిపోయేది. కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తనే లేచేది. ఆటోఎగ్జెక్ ఫైలు మా ప్రోగ్రాంని పిలిచేది. ఎవరూ మెట్లెక్కనక్కర్లేదు. తర్వాతి తరం ఏటీఎక్స్ క్యాబినెట్లలో బయాస్‌లో సెట్టింగు వెతికి పెడితే తప్ప కరెంటొచ్చినా ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కాల్సిందే. ఈ చిన్న తేడా విలువ రిపీటర్ నడిపినవాళ్ళకే తెలుస్తుంది.

ఒకే ఒక్క అడ్డం ఉండేది. కీబోర్డు తగిలించి లేకపోతే బూట్ మధ్యలో ఆగి, ఎఫ్1 నొక్కమని అడిగేది. అందుకని కీబోర్డుని కూడా లిఫ్ట్ గదిలోనే ఒక సంచీలో చుట్టి ఉంచాం. దాని తీగ ఎలకలు కొరికితే మళ్ళీ అదే ప్రశ్న. తర్వాత అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి విషయం చెప్పి ఉంచాం. అతను ఏమీ చదువుకోలేదు. కానీ లిఫ్ట్ గదిలోకి వెళ్ళినప్పుడల్లా పెట్టె మీద మేము పెట్టిన ఎర్ర ఎల్ఈడీ మెరుస్తుందా లేదా చూసేవాడు. మెరవకపోతే నాకు ఫోన్ చేయించేవాడు. "సార్, డబ్బా సప్పుడు జేస్తలేదు. ఎఫ్ వన్ కొట్టిన, అయినా లేస్తలేదు." మా రిపీటర్‌కి మొదటి సైట్ ఇంజనీర్ అతనే అని నేను నిజంగానే అనుకుంటాను.

టీచర్ గారి సంగతి వేరుగా చెప్పాలి. మనిషి గొంతులో కూడా రకరకాల స్వరాలు కలిసి ఉంటాయి. అప్పుడప్పుడు వాటిలో రెండు కరెక్టుగా డీటీఎంఎఫ్ జంటలా కలిసి, చిప్ అది అంకే అనుకుంటుంది. సన్నని గొంతులకి ఇది ఎక్కువ. టీచర్ గారు మాట్లాడుతుంటే మధ్యలో ఒక్కోసారి అంకె పడినట్టు లాగ్‌లో కనిపించేది. ఎంటీ8870లో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి, స్వరం ఎంతసేపు నిలబడితే నమ్మాలో నిర్ణయిస్తాయి. ఆ సమయం పెంచితే గొంతుని అంకె అనుకోవడం తగ్గుతుంది, కానీ త్వరగా నొక్కే వాళ్ళ అంకెలు జారిపోతాయి. దాన్ని సరిచేయడానికి ఒక ఆదివారం ఆవిడ తన ఇంటి నుంచి రేడియోలో ఆ రోజు పేపర్ మొత్తం చదివారు. సంపాదకీయం, వాతావరణం, సినిమా ప్రకటనలు, పెళ్ళి సంబంధాలు అన్నీ. మేము లిఫ్ట్ గదిలో రెసిస్టర్లు మారుస్తూ కూర్చున్నాం. ఊళ్ళో సెట్లు ఆన్ చేసి ఉన్న హ్యామ్‌లందరూ ఆవిడ వార్తలు విన్నారు. సాయంత్రానికి విలువ కుదిరింది. పైగా, వరసగా మూడంకెలు నిర్ణీత వ్యవధిలో పడితే తప్ప ఆజ్ఞగా తీసుకోకూడదని ప్రోగ్రాంలో రాసుకున్నాం.

ఆజ్ఞల సంకేతాలు గాల్లో అందరికీ వినిపిస్తాయి కాబట్టి దొంగతనంగా ఎవరైనా నేర్చుకోవచ్చు. లెక్చరర్ గారు దానికీ దారి చూపించారు. కంప్యూటర్‌కి ఈ రోజు తేదీ తెలుసు. తేదీ నుంచి నోటి లెక్కతో చివరి అంకెలు తేల్చే ఒక సూత్రం ఇచ్చారు. రేపు అదే సంకేతం పనిచేయదు. రిపీటర్ నియంత్రణ బాధ్యత ఉన్న నలుగురైదుగురికే ఆ సూత్రం తెలుసు.

ఆయనే అర్ధరాత్రి దోషాన్ని కూడా పట్టారు. రాత్రి ఎక్కువసేపు మేలుకునే అలవాటు ఆయనది. ఒక రోజు పన్నెండు దాటాక రిపీటర్ క్యారియర్, అంటే మాట లేని ఉత్త సిగ్నల్, ఎవరూ మాట్లాడకుండానే నిలబడిపోయి ఉందని గమనించారు. ఆయన మైకు ఒకసారి నొక్కి వదలగానే సర్దుకుంది. ఇంకో రోజు కూడా అలాగే. మర్నాడు ప్రోగ్రాం ప్రింటవుట్ తెమ్మని, ఎర్ర పెన్నుతో కూర్చున్నారు. జీడబ్ల్యూ బేసిక్‌లో టైమర్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు చెబుతుంది. 86,399 దాకా వెళ్ళి మళ్ళీ సున్నాకి పడిపోతుంది. ఎవరైనా 11 గంటల 59 నిమిషాల 58 సెకన్లకి మాట ఆపారనుకోండి. తోక మూడు సెకన్లు దాటిందా అని ప్రోగ్రాం తీసివేత చేస్తే, రెండో సెకనుకే తేదీ మారి జవాబు పెద్ద రుణ సంఖ్య. అది మూడు కంటే ఎప్పటికీ ఎక్కువ కాదు. టైమౌట్ కూడా అదే టైమర్ మీద ఆధారపడింది కాబట్టి అదీ పనిచేయదు. జవాబు రుణమైతే 86,400 కలుపు అని ఒక్క లైను చేర్చాం. ఆ లైను పక్కన లెక్చరర్ గారు రిమార్కుగా తన కాల్‌సైన్, తేదీ రాసుకున్నారు.

నేను ఇదంతా గుర్తుంచుకోవడానికి అసలు కారణం ఆ రిమార్కులే. జీడబ్ల్యూ బేసిక్‌లో ప్రతి వాక్యానికీ లైన్ నంబరుంటుంది. మేము నంబర్లు పంచుకున్నాం. 1000 నుంచి మోర్స్, నాది. 2000 నుంచి అంకెలు చదవడం, కుర్రాడిది. 3000 నుంచి టైమర్లు, లెక్చరర్ గారివి. 4000 నుంచి ఉష్ణోగ్రత. 5000 నుంచి టీచర్ గారు అడిగిన పొద్దుటి నెట్ (అందరూ ఒకేసారి గాల్లో కలుసుకునే వేళ) గంట, ఆరున్నరకి రెండు తియ్యని స్వరాలు. పెద్దాయన ప్రోగ్రాం రాయలేదు, కానీ చదవడం నేర్చుకున్నారు, ప్రింటవుట్ ఆయన దగ్గరే ఉండేది. బజారులో కొన్న కంట్రోలర్ అయితే లోపల ఏముందో మాకు తెలిసేది కాదు, మార్చగలిగేవాళ్ళమూ కాదు. ఇక్కడ ప్రతి ఒక్కరికీ తన లైన్లున్నాయి. రిపీటర్ ఎవరిదని ఎవరైనా అడిగితే మా అందరిదీ అనడం మాటవరసకి కాదు, కాగితం మీద కనిపించేది.

1996 నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు మైళ్ళకి మైళ్ళు నేలకొరిగాయి. ఫోన్లు లేవు, కరెంటు లేదు. టీచర్ గారి పుట్టిల్లు ముమ్మిడివరం దగ్గర. మా బృందం నుంచి ఇద్దరు దూరాలకి అందే హెచ్ఎఫ్ సెట్టు ఒకటి, లారీ బ్యాటరీ, తీగ యాంటెన్నా తీసుకుని బయల్దేరారు. హైదరాబాద్ వైపు 7 మెగాహెర్ట్జ్‌లో వాళ్ళని అందుకునే స్టేషన్ టీచర్ గారిల్లే. ఆవిడ ఇంట్లో ఫోను లేదు. అందుకని ఆవిడ విన్న సందేశాలని రిపీటర్ మీద చదివేవారు, ఫోన్లున్న మేము రాసుకుని ఆయా కుటుంబాలకి కబురు చేసేవాళ్ళం. ఫలానా ఊళ్ళో ఫలానావారి అబ్బాయి క్షేమం. ఫలానావారి ఇల్లు పడింది, మనుషులు స్కూల్లో ఉన్నారు. అలాంటివి.

మొదటి గంటలోనే మా మామూలు పద్ధతి దానికి సరిపోదని తేలింది. తోక మరీ పొడుగు, మధ్యలో ఎవరైనా అత్యవసరంగా దూరడానికి చోటుండదు. మోర్స్ కాల్‌సైన్ వచ్చి పేర్ల మీద పడుతోంది. కుర్రాడూ నేనూ లిఫ్ట్ గదికి పరిగెత్తాం. రేకు పెట్టె తెరిచి, మానిటర్ తగిలించి, అత్యవసర పద్ధతి అని కొత్త భాగం 6000 నుంచి రాశాం. టైమౌట్ ఒక్క నిమిషం. తోక ఒక్క సెకను. కాల్‌సైన్ ఎవరూ మాట్లాడనప్పుడే. పొద్దుటి గంట బంద్. మూడంకెలతో ఆ పద్ధతిలోకి, మూడంకెలతో బయటికి. కుర్రాడు టైపు చేస్తుంటే నేను చేతిలో హ్యాండీ పట్టుకుని, టీచర్ గారి గొంతు వింటూ ఉన్నాను. ఆవిడ ఒక్కో పేరూ రెండుసార్లు, అక్షరం అక్షరం విడదీసి చెబుతున్నారు. ప్రోగ్రాం తిరిగి నడవడం మొదలయ్యాక, తేడా ఆవిడకి వెంటనే తెలిసింది. "ఇప్పుడు బాగుంది నాయనా, ఇలాగే ఉంచండి" అన్నారు. తన వాళ్ళ కబురు మూడో రోజున తెలిసింది, అందరూ బతికే ఉన్నారు. ఆ సందేశం కూడా ఆవిడ మిగతావాటిలాగే రెండుసార్లు చదివారు, వరసలో దాని వంతు వచ్చాకే.

కంప్యూటర్ ప్రతి మాటకీ మొదలైన వేళ, ఆగిన వేళ మెమరీలో రాసుకుని గంటకోసారి ఫ్లాపీలో దించేది. నెలకోసారి ఫ్లాపీ మార్చి నేను ఇంట్లో చూసేవాణ్ణి. మాటలేవీ అందులో ఉండవు, అంకెలే. కానీ ఊరి దినచర్య మొత్తం అందులో తెలిసిపోయేది. పొద్దున్న ఆరున్నరకి చిన్న చిన్న పలకరింపులు. తొమ్మిదికి ఆఫీసులకి స్కూటర్ల మీద పోయేవాళ్ళు. మధ్యాహ్నం దాదాపు ఏమీ ఉండదు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పొడుగాటి మాటలు, వాటిలో మరీ పొడుగైనవి పెద్దాయనవి. ఆయన నింపాదిగా మాట్లాడేవారు, మధ్యలో ఆలోచించుకునేవారు. మూడు నిమిషాల టైమౌట్‌కి తరచూ తెగిపోయేవారు. లెక్చరర్ గారు ఆయన కోసమే రాత్రి తొమ్మిదిన్నర నుంచి టైమౌట్ అయిదు నిమిషాలయ్యేలా ఒక లైను చేర్చారు. ఆయనకి చెప్పలేదు. ప్రింటవుట్ ఆయన దగ్గరుంది కాబట్టి చూసే ఉంటారు. నవంబర్ లాగ్ మాత్రం వేరు. అందులో రాత్రీ పగలూ తేడా లేదు, అన్నీ నిమిషం లోపు మాటలే, ఒకదాని వెనక ఒకటి.

ఆ 286ని 2000 ప్రాంతంలో దించేశాం. అదే కుర్రాడు, అప్పటికి ఉద్యోగంలో చేరాడు, 8051 మైక్రోకంట్రోలర్‌తో అరచేతి బోర్డు చేసి తెచ్చాడు. కరెంటు దాదాపు ఏమీ తినదు, హోరు లేదు, ఎఫ్1 అడగదు. అది మంచి నిర్ణయమే, అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. అయితే దాని ప్రోగ్రాం మార్చాలంటే చిప్ తీసి, ప్రోగ్రామర్‌లో పెట్టి, మళ్ళీ అమర్చాలి. ఆ పరికరం ఒక్కడి దగ్గరే ఉంది. లైన్లు పంచుకోవడం అక్కడితో ఆగింది.

ఆ కాలంలోనే కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ క్యామెరాన్ అనే హ్యామ్ ఐఆర్ఎల్‌పీ అని, రిపీటర్లని ఇంటర్నెట్ మీదుగా కలిపే పద్ధతి 1997లో మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. లైనక్స్ నడిచే పాత పీసీ, దాని ప్యారలల్ పోర్టుకి ఒక చిన్న బోర్డు, దాని మీద డీటీఎంఎఫ్ డీకోడర్. ఫోటో చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. భూగోళానికి అటుపక్క ఎవరో అదే 25 పిన్నుల పోర్టు దగ్గర కూర్చుని అవే తీగలు అతికించారు.

ఇప్పుడు మళ్ళీ కంప్యూటరే వచ్చింది. మా ఊరి కుర్రాళ్ళు కొందరు రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ మీద ఎస్‌వీఎక్స్‌లింక్ అనే రిపీటర్ సాఫ్ట్‌వేర్ పెట్టి కొత్త రిపీటర్ నడపబోతున్నారు. డీటీఎంఎఫ్ చిప్పు అక్కర్లేదు, స్వరాలని సాఫ్ట్‌వేరే గుర్తుపడుతుంది. అంతా అక్షరాల్లో ఉండే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు, ఎవరైనా తెరిచి చదవచ్చు, మార్చవచ్చు. పోయిన నెల నన్ను పిలిచి చూపించారు. నేను మా పాత లిస్టింగ్ పట్టుకెళ్ళాను. చుక్క చుక్కల ప్రింటరు మీద తీసిన మడతల కాగితం, అక్షరాలు కాస్త పాలిపోయాయి. వాళ్ళు 3000 నుంచి లైన్లు చాలాసేపు చదివారు. అర్ధరాత్రి లైను దగ్గర ఒకమ్మాయి ఆగి, "అంకుల్, ఇది మా దాంట్లో కూడా చెక్ చేయాలి" అంది. వాళ్ళ లాగ్‌లో సమయం ఎలా రాస్తున్నారో అప్పుడే విప్పి చూశారు.

వాళ్ళ ఫైల్లో టైమౌట్ రెండు నిమిషాలుంది. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అయిదు చేయమని అడిగాను. పెద్దాయనకి ఎనభై దాటింది. కొడుకు దగ్గర ఉప్పల్‌లో ఉంటున్నారు, హ్యాండీ ఇంకా మంచం పక్కనే ఉంటుంది, ఇప్పుడు ఇంకా నెమ్మదిగా మాట్లాడుతున్నారు. కొత్త రిపీటర్ మొదలయ్యే రోజు రాత్రికి ఆయన్ని గాల్లోకి రమ్మని చెప్పి ఉంచాను.